మనాలి నుంచి లేహ్‌కి సైకిల్ మీద: మొహమాటం మనాలిలోనే వదిలేసి వెళ్ళండి

ఈ ఎపిసోడ్‌లో మనాలి నుంచి లేహ్ వరకూ సైకిల్ మీద ఎలా వెళ్ళాలో మాట్లాడుకుందాం. రీల్స్‌లో మీరందరూ చూసే ఉంటారు. నీలం రంగు సరస్సు, వెనక మంచు కొండ, ముందు నలుగురు ఫ్రెండ్స్ సైకిళ్ళు పైకెత్తి ఫోటో దిగుతూ ఉంటారు. చూడగానే మనమూ వెళ్దాంరా అని గ్రూపులో మెసేజ్ పడిపోతుంది. వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. మన దేశంలో సైకిల్ మీద చేయగలిగిన గొప్ప దారుల్లో ఇదొకటి. కాకపోతే ఆ రీల్‌లో కనిపించని విషయం ఒకటుంది. అది తెలియకుండా వెళ్తే ట్రిప్ చెడిపోవడమే కాదు, ప్రాణం మీదికి కూడా రావచ్చు. అందుకే సైకిల్ ఏది కొనాలి, ఏ జాకెట్ వేసుకోవాలి అన్నవి తర్వాత. ముందు ఆ దారి సంగతి చూద్దాం.

దారి ఎలా ఉంటుంది?

మనాలి నుంచి పాత రోహ్తాంగ్ దారిలో వెళ్తే లేహ్ సుమారు 475 కిలోమీటర్లు. 2020 అక్టోబర్‌లో 9 కిలోమీటర్ల అటల్ టన్నెల్ తెరిచాక వాహనాలు ఎక్కువగా దాంట్లోంచే వెళ్తున్నాయి, దూరం కూడా బాగా తగ్గింది. కానీ సైకిల్ మీద వెళ్ళేవాళ్ళకి రోహ్తాంగ్ దారే మంచిది. ఎందుకో కాసేపట్లో చెప్తాను.

475 కిలోమీటర్లు అంటే మీలో కొంతమంది "అంతేనా? మేం హైదరాబాద్ నుంచి శ్రీశైలం ఒక్క రోజులో కొట్టేశాం" అంటారు. నిజమే, దూరం పెద్ద లెక్క కాదు. ఇక్కడ లెక్క ఎత్తుది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎంత పెద్ద కొండ ఎక్కినా 1,700 మీటర్లు దాటం. మనాలి ఊరే 2,050 మీటర్ల ఎత్తులో ఉంది. అంటే ట్రిప్ మొదలు పెట్టకముందే, మనం పుట్టి పెరిగిన చోట ఉన్న కొండలన్నిటికంటే పైన ఉంటాం.

అక్కడి నుంచి వరసగా ఐదు కనుమలు దాటాలి. కనుమని అక్కడి భాషలో 'లా' అంటారు. మొదటిది రోహ్తాంగ్, 3,978 మీటర్లు. తర్వాత బారాలాచా లా, సుమారు 4,890. ఆ తర్వాత నకీ లా 4,740, లాచులుంగ్ లా 5,065. చివరిది తంగ్లంగ్ లా, 5,328 మీటర్లు. ఇవన్నీ దాటితే 3,500 మీటర్ల ఎత్తులో ఉన్న లేహ్‌కి దిగుతాం.

ఎప్పుడు వెళ్ళాలి?

మన వేసవి సెలవులు ఏప్రిల్, మే నెలల్లో. అక్కడ వేసవి అంటే జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ మధ్య వరకు. మే నెలలో పైన కనుమల దగ్గర రోడ్డుకి రెండు పక్కలా మంచు గోడలు ఉంటాయి, దారిలో డేరా హోటళ్ళు కూడా పూర్తిగా తెరవరు. జూలై, ఆగస్టుల్లో మనాలి వైపు వానలు, కొండచరియలు విరిగిపడటం ఉంటుంది. బారాలాచా దాటాక వాన బాగా తక్కువ. కాబట్టి జూన్ చివరి వారం లేదా ఆగస్టు చివర నుంచి సెప్టెంబర్ మొదటి వారం వరకు చూసుకుంటే మంచిది.

గాలి తగ్గిపోతుంది అంటే ఏంటి?

చాలామంది పైకి వెళ్తే గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గుతుంది అనుకుంటారు. శాతం తగ్గదు. విశాఖ బీచ్‌లోనూ 21 శాతమే, తంగ్లంగ్ లా మీదా 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. ఒత్తిడి తగ్గితే గాలి పలచబడుతుంది, ఒక్కో శ్వాసలో లోపలికి వెళ్ళే ఆక్సిజన్ తగ్గుతుంది. బీచ్‌లో ఒక శ్వాసకి 100 దొరుకుతుంది అనుకుంటే, మనాలిలో దాదాపు 80, లేహ్‌లో 65, తంగ్లంగ్ లా మీద సగం కంటే కొంచెం ఎక్కువ. ఇంకో చిన్న విషయం. సర్చూ అనే చోట, అంటే సుమారు 4,300 మీటర్ల దగ్గర, నీళ్ళు 85 డిగ్రీల చుట్టుపక్కలే మరిగిపోతాయి. అందుకే కుక్కర్ లేకుండా వండితే అన్నం సరిగ్గా ఉడకదు.

మన ఒంటికి ఈ పలచటి గాలి అలవాటవుతుంది, కానీ టైమ్ కావాలి. ముందు ఊపిరి వేగం పెరుగుతుంది, గుండె వేగం పెరుగుతుంది. తర్వాత రోజులు గడిచేకొద్దీ రక్తంలో మార్పులు వస్తాయి. టైమ్ ఇవ్వకుండా పైకి వెళ్ళిపోతే తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, కళ్ళు తిరగడం, నీరసం మొదలవుతాయి. దీన్నే మౌంటెన్ సిక్‌నెస్ అంటారు.

ఇక్కడ రెండు మాటలు బాగా గుర్తుపెట్టుకోండి. ఒకటి, ఫిట్‌నెస్ దీన్ని ఆపదు. రోజూ జిమ్‌కి వెళ్ళేవాడికీ వస్తుంది, మారథాన్ పరిగెత్తేవాడికీ వస్తుంది. పైగా బలం ఉందని గబగబా ఎక్కేసేవాడికే ప్రమాదం ఎక్కువ. రెండు, ఒళ్ళు ఆలస్యంగా జవాబు చెప్తుంది. పైకి చేరిన వెంటనే బానే ఉంటుంది. ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత, అంటే చాలాసార్లు అర్ధరాత్రి డేరాలో పడుకున్నాక, తల పగిలిపోతుంది.

అసలు చిక్కు ఎక్కడుంది?

మౌంటెన్ సిక్‌నెస్ ముదిరితే అందరు డాక్టర్లూ చెప్పే మొదటి మందు కిందికి దిగిపోవడం. ఐదు వందల మీటర్లు, వెయ్యి మీటర్లు దిగినా చాలామందికి తేలికపడుతుంది. వినడానికి సింపుల్‌గా ఉంది కదా? ఇప్పుడు ఈ దారి మ్యాప్‌ని ఒకసారి ఊహించుకోండి.

జిస్పా అనే ఊరు 3,200 మీటర్లు. అక్కడి నుంచి దార్చా, పట్సియో, జింగ్‌జింగ్‌బార్ మీదుగా బారాలాచా లా ఎక్కుతాం. జింగ్‌జింగ్‌బార్ 4,270 మీటర్ల దగ్గర ఉంటుంది. అక్కడ ఎవరికైనా బాలేకపోతే వెనక్కి తిప్పుకుంటే చాలు, దారంతా దిగుడే. కొన్ని గంటల్లో జిస్పా వచ్చేస్తుంది. ఇంకా కిందికి వెళ్తే కీలాంగ్. అది లాహౌల్-స్పితి జిల్లా కేంద్రం, ఆసుపత్రి ఉంది.

కానీ ఒక్కసారి బారాలాచా దాటి అవతల సర్చూకి దిగారనుకోండి. సర్చూ 4,290 మీటర్లు. అక్కడ రాత్రి తలనొప్పి మొదలైతే ఎటు దిగుతారు? వెనక్కి వెళ్ళాలంటే మళ్ళీ 4,890 మీటర్ల బారాలాచా ఎక్కాలి. ముందుకు వెళ్ళాలంటే 5,065 మీటర్ల లాచులుంగ్ లా ఎక్కాలి. దాని అవతల పాంగ్, 4,600 మీటర్లు. పాంగ్‌లో బాలేకపోతే ఇటు లాచులుంగ్ లా, అటు 5,328 మీటర్ల తంగ్లంగ్ లా. అర్థమైందా? అక్కడ కిందికి దిగాలన్నా ముందు పైకి ఎక్కాలి. బారాలాచా నుంచి తంగ్లంగ్ లా వరకు, సైకిల్ మీద కనీసం నాలుగు రోజుల దారి, మొత్తం ఒక ఎత్తైన గిన్నె లాంటిది. అంచు దాటి లోపలికి దిగాక, బయటికి రావాలంటే ఇంకో అంచు ఎక్కాల్సిందే. పాంగ్‌లో సైన్యం ట్రాన్సిట్ క్యాంప్ ఉంది, దారిలో లారీలు, టాక్సీలు తిరుగుతాయి, సాయం దొరుకుతుంది. కానీ అంత దాకా తెచ్చుకోకూడదు.

అందుకే ఈ ట్రిప్ మొత్తంలో ముఖ్యమైన నిర్ణయం తీసుకోవాల్సింది తంగ్లంగ్ లా మీద కాదు, జింగ్‌జింగ్‌బార్‌లో. అందరూ బాగున్నారా, లేదా? తేలికగా వెనక్కి తిరగడానికి అదే ఆఖరి చోటు.

మరి మొహమాటం ఎందుకు వచ్చింది మధ్యలో?

ఆ రోజు పొద్దున జింగ్‌జింగ్‌బార్ డేరాలో ఏం జరుగుతుందో ఆలోచించండి. ఐదుగురు ఫ్రెండ్స్. అందులో ఒకడికి రాత్రి నుంచి తల నొప్పి. వాడు ఆఫీసులో బతిమాలి సెలవు తెచ్చుకున్నాడు. సైకిల్ రైల్లో వేసి, ఖర్చు పెట్టి ఇంత దూరం వచ్చాడు. "మామా, ఎలా ఉందిరా?" అంటే ఏం చెప్తాడు? "ఏం లేదురా, నిద్ర పట్టలేదంతే, పదండి" అంటాడు. తన వల్ల మిగతా నలుగురి ట్రిప్ పాడవుతుందని వాడి బాధ. మిగతా నలుగురికీ అనుమానం ఉంటుంది. కానీ అడిగితే వాడిని తక్కువ చేసినట్టు అవుతుందేమోనని వాళ్ళూ ఊరుకుంటారు. ఒక పెయిన్‌కిల్లర్ మింగి అందరూ కనుమ ఎక్కేస్తారు.

ఇందులో ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. అందరూ ఒకరి గురించి ఒకరు ఆలోచించేవాళ్ళే. అదే ఇక్కడ ఇబ్బంది. పెళ్ళి భోజనాల్లో వద్దనలేక ఇంకో గరిటె వేయించుకుంటే కడుపు బరువెక్కుతుంది అంతే. ఇక్కడ చెప్పలేకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు, మెదడు వాచొచ్చు. కాబట్టి ధైర్యంగా చెప్పరా అని ఉపన్యాసం ఇస్తే చాలదు. చెప్పడం తేలిక అయ్యేలా ముందే ఏర్పాటు చేసుకోవాలి. ఎలా అంటే:

మొదటిది, డబ్బు. ట్రిప్ ఖర్చు కాకుండా తలా కొంత వేసి విడిగా ఒక ఫండ్ పెట్టండి. ఎవరు మధ్యలో దిగిపోవాల్సి వచ్చినా టాక్సీ, రూమ్, డాక్టర్ ఖర్చు అందులోంచే. మిగిలితే లేహ్‌లో అందరూ కలిసి తినేయండి. డబ్బు భయం పోతే సగం మొహమాటం పోతుంది.

రెండోది, జంటలు. ఎవరు దిగితే ఎవరు తోడు వెళ్ళాలో ఇంట్లో ఉండగానే నిర్ణయించుకోండి. జబ్బు పడ్డవాడిని ఒంటరిగా వదలకూడదు. సర్చూ దాటాక గాటా లూప్స్ అని 21 హెయిర్‌పిన్ మలుపులు వస్తాయి. అక్కడ ఒక చిన్న గుడి లాంటిది, చుట్టూ నీళ్ళ సీసాలు కనిపిస్తాయి. లారీ చెడిపోతే, ఒంట్లో బాలేని క్లీనర్‌ని అక్కడే ఉంచి డ్రైవర్ సాయం కోసం వెళ్ళాడని, మంచు పడి దారి మూసుకుపోయి తిరిగి వచ్చేసరికి క్లీనర్ చనిపోయాడని, దాహంతో పోయాడు కాబట్టి దారిన పోయేవాళ్ళు నీళ్ళు పెడతారని అక్కడ చెప్పుకుంటారు. కథ ఎంత నిజమో పక్కన పెట్టండి. ఆ దారిలో రోజూ తిరిగే డ్రైవర్లు దేనికి భయపడతారో అది చెప్తోంది.

మూడోది, పొద్దుటి ప్రశ్నలు. "ఎలా ఉన్నావ్?" అని అడగొద్దు. దానికి మనవాళ్ళందరి జవాబూ "బానే ఉన్నా" అనే. టీ తాగేటప్పుడు వరసగా ప్రతి ఒక్కరినీ ఇవి అడగండి: తలనొప్పి పదికి ఎంత? రాత్రి తిన్నది ఇష్టంగా తిన్నావా, బలవంతంగానా? వాంతి వచ్చేలా ఉందా? తర్వాత నేల మీద ఒక గీత గీసి, మడమకి వేలు ఆనించుకుంటూ పది అడుగులు నడవమనండి. తాగినవాడిలా తూలితే అది చాలా సీరియస్. అందరినీ అడుగుతారు కాబట్టి ఎవరినీ వేలెత్తి చూపినట్టు ఉండదు.

నాలుగోది, ముందే ఒప్పుకున్న రూల్. తలనొప్పి, వికారం ఉంటే ఆ రోజు పైకి ఎక్కడం లేదు, అక్కడే రెస్ట్. తగ్గకపోయినా, పెరిగినా దిగడమే. కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, పెదాలు నీలంగా మారడం, మాట తడబడటం, నడక తూలడం, వీటిలో ఏది కనిపించినా ఓటింగ్ లేదు, చర్చ లేదు. రాత్రయినా సరే బండి ఎక్కించి కిందికి తీసుకెళ్ళాలి, ఆక్సిజన్ దొరికితే పెట్టాలి. ఇందాక చెప్పిన గిన్నెలో ఉంటే మాత్రం, దగ్గర్లో ఉన్న క్యాంపులో సాయం అడిగి, ఏ వైపు త్వరగా దిగొచ్చో కనుక్కుని బండిలోనే కదలాలి. వాడి చేత సైకిల్ తొక్కించకండి.

మందుల గురించి అడుగుతారు కదా. డయామాక్స్ అని పిలిచే ఎసిటజోలమైడ్ కొంతమందికి డాక్టర్లు రాస్తారు. అది ఒంటికి అలవాటు పడటంలో సాయం చేస్తుంది. కానీ సల్ఫా మందులు పడనివాళ్ళు, ఇతర జబ్బులు ఉన్నవాళ్ళు ఉంటారు. కాబట్టి బయల్దేరే ముందే డాక్టర్‌ని కలవండి. ఫ్రెండ్ దగ్గర ఉన్న మాత్ర మీరు మింగకండి.

రోజుకి ఎంత ఎక్కాలి?

3,000 మీటర్లు దాటాక, పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్ల కంటే ఎక్కువ పెరగకూడదు, మూడు నాలుగు రోజులకి ఒక రోజు రెస్ట్ ఉండాలి. డాక్టర్లు చెప్పే లెక్క ఇది. పగలు ఎంత ఎత్తుకి వెళ్ళొచ్చినా, పడుకునే చోటు ముఖ్యం.

దానికి కాస్త దగ్గరగా ఉండే ఒక ప్లాన్ చెప్తాను. మనాలిలో రెండు రాత్రులు. తర్వాత మఢీ, సుమారు 3,300. మర్నాడు రోహ్తాంగ్ ఎక్కి సిస్సూకి దిగడం, అది 3,120. రోహ్తాంగ్ దారి మంచిదని ఇందాక అన్నది అందుకే. దాదాపు 4,000 మీటర్లు ఎక్కి మళ్ళీ కిందికి వచ్చి పడుకుంటారు, ఒంటికి అలవాటవుతుంది. ఆ తర్వాత కీలాంగ్ మీదుగా జిస్పా, అక్కడ ఒక రోజు పూర్తి రెస్ట్. తర్వాత పట్సియో, సుమారు 3,800. ఆ పై రోజు జింగ్‌జింగ్‌బార్, 4,270. చాలామంది జిస్పా నుంచి ఒకే రోజులో సర్చూ వెళ్ళిపోదామని చూస్తారు. అంటే పడుకునే ఎత్తు ఒక్కసారిగా వెయ్యి మీటర్లు పైకి. సర్చూ డేరాల్లో రాత్రిళ్ళు అంతమంది తల పట్టుకుని కూర్చోవడానికి కారణం అదే.

జింగ్‌జింగ్‌బార్‌లో అందరూ ఓకే అయితే బారాలాచా దాటి సర్చూ. తర్వాత గాటా లూప్స్ కింద ఒక రాత్రి, పాంగ్‌లో ఒక రాత్రి, మోరే మైదానం దాటి దెబ్రింగ్‌లో ఒక రాత్రి. ఆ తర్వాత తంగ్లంగ్ లా దాటి రుమ్‌త్సే, చివరి రోజు ఉప్షి మీదుగా సింధు నది పక్కనే లేహ్. పన్నెండు రోజులు తొక్కడానికి, రెస్ట్‌కి. ఇంకో రెండు రోజులు చేతిలో ఉంచుకోండి. రైలు టికెట్ తేదీ దగ్గర పడిందని కనుమ ఎక్కే పరిస్థితి రాకూడదు.

తొక్కేటప్పుడు

నెమ్మదిగా వెళ్ళేవాళ్ళని ముందు పెట్టండి. మిగతావాళ్ళు వాళ్ళ వెనక. ఎక్కుడులో గంటకి ఐదారు కిలోమీటర్లు వచ్చినా చాలు. పక్కవాడితో మాట్లాడలేనంత ఆయాసం వస్తోందంటే స్పీడ్ ఎక్కువైనట్టు. కొండ ఎక్కడానికి చిన్న గేర్లు ఉన్న సైకిల్ కావాలి. ఖరీదు సంగతి తర్వాత. విడి బ్రేక్ ప్యాడ్లు, ట్యూబులు పెట్టుకోండి, దిగుడులో ప్యాడ్లు త్వరగా అరుగుతాయి. కనుమ పైన చెమట బట్టలతోనే దిగడం మొదలుపెడితే చలి కొరికేస్తుంది, ఆగి జాకెట్ వేసుకోండి.

పొద్దున్నే బయల్దేరండి. ఎండెక్కితే మంచు కరిగి రోడ్డుకి అడ్డంగా పారే వాగుల్లో నీళ్ళు పెరుగుతాయి. పొద్దున చీలమండ దాకా ఉన్న వాగు సాయంత్రానికి మోకాలి దాకా రావచ్చు. మోరే మైదానంలో మధ్యాహ్నం నుంచి ఎదురుగాలి. రోజుకి మూడు నాలుగు లీటర్ల నీళ్ళు, ఓఆర్‌ఎస్. మందు తాగొద్దు, నిద్రమాత్రలు వేసుకోవద్దు.

ఫోన్ సంగతి. లడఖ్‌లో మన ప్రీపెయిడ్ సిమ్‌ని నమ్ముకోవద్దు, గ్రూపులో ఇద్దరి దగ్గరైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి. జిస్పా దాటాక చాలా దూరం సిగ్నల్ ఆశించకండి. ఇంట్లో అమ్మానాన్నలకి ముందే చెప్పండి, "నాలుగైదు రోజులు ఫోన్ రాదు, కంగారు పడొద్దు" అని. మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, రాత్రి ఫోన్ స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకోండి.

సరస్సుల దగ్గర ఆగండి

నెమ్మదిగా వెళ్తే ఇంకో లాభం ఉంది. పట్సియో దగ్గర దీపక్ తాల్ ఉంటుంది, చిన్న సరస్సు, కారులో వెళ్ళేవాళ్ళు రెండు నిమిషాల్లో దాటేస్తారు. బారాలాచాకి కాస్త ముందు సూరజ్ తాల్, సుమారు 4,880 మీటర్ల ఎత్తులో. భాగా నది అక్కడే పుడుతుంది. కనుమకి అవతలి పక్క పుట్టే చంద్రా నదితో తండి దగ్గర కలిసి చంద్రభాగ అవుతుంది, అదే చీనాబ్. చంద్రుడి కూతురు, సూర్యుడి కొడుకు ప్రేమించుకుని, బారాలాచా నుంచి చెరో దారిన బయల్దేరి తండిలో కలుసుకున్నారని లాహౌల్‌లో కథ చెప్తారు. తండి నుంచి సూరజ్ తాల్ వరకు మీరు తొక్కేది ఆ భాగా నది పక్కనే. దెబ్రింగ్ నుంచి పక్కకి వెళ్తే త్సో కార్ ఉప్పు సరస్సు వస్తుంది. 2020లో రామ్‌సర్ జాబితాలో చేరింది, నల్ల మెడ కొంగలు అక్కడ గూళ్ళు పెడతాయి. ఒక రోజు మిగిలితే అటు వెళ్ళండి. చెత్త మాత్రం మీతో తిరిగి తెచ్చేయండి.

సరే ఫ్రెండ్స్, టికెట్లు బుక్ చేసే ముందు అందరూ ఒకచోట కూర్చోండి. వెనక్కి తిరిగే ఖర్చు ఎక్కడి నుంచి, ఎవరికి ఎవరు తోడు, ఏం జరిగితే దిగిపోతాం. ఈ మూడూ కాగితం మీద రాసి అందరూ సంతకం పెట్టండి. కాస్త నవ్వులాటగా ఉంటుంది, పర్లేదు. జింగ్‌జింగ్‌బార్‌లో తలనొప్పితో లేచినవాడు నోరు తెరవడానికి ఆ కాగితం సాయం చేస్తుంది. జాగ్రత్తగా వెళ్ళిరండి.